ప్రవాస తెలుగువారు: వారసత్వ ఉత్సవాలు, జాతివివక్ష వ్యతిరేక ప్రదర్శనలు

విదేశాల్లో తెలుగువారి సామూహిక జీవితం రెండు పాయలుగా నడిచింది. ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ, కూచిపూడి, రెండేళ్ళకోసారి మహాసభలు ఒక పాయ. ఆసియావాసులన్న కారణంగా తమ మీద పడే దాడులకూ అవమానాలకూ జవాబుగా వీధిలోకి వచ్చి తీసే ఊరేగింపులు రెండోది. మొదటి పాయ అర్ధశతాబ్దంగా ఏటికేడాది వెడల్పవుతూనే ఉంది. రెండోది అనంతపురం వంకల తీరు: ఏదో ఘోరం జరిగిన రోజున ఒడ్లు ఒరుసుకుని ఉరుకుతుంది, వారం తిరిగేసరికి ఇసుక తేలుతుంది. ఈ రెండూ ఎక్కడ కలిశాయో, ఎందుకు ఎక్కువసార్లు కలవలేదో చూడటమే ఈ వ్యాసం పని.

కరువు సీమ నుంచి బయటికి

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల చాటున ఉంది. నైరుతి మేఘాలు కొండలకవతలే కురిసి, ఇక్కడికి ఖాళీగా వస్తాయి. తూర్పు తీరం దూరం కావటంతో ఈశాన్య వానలూ అంతంత మాత్రమే. ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రనేలలో వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటం, రెండేళ్ళు వరసగా ఎండితే ఊరు వదలటం ఇక్కడి బతుకు లెక్క. ఊరు వదిలినవాళ్ళు మూడు దారులు పట్టారు. కూలిపనికి బెంగళూరు దగ్గర. కదిరి, రాయచోటి వైపు నుంచి ఇంటిపనికీ డ్రైవరు ఉద్యోగానికీ కువైట్. చదువుకున్నవాళ్ళకు అమెరికా, ఆస్ట్రేలియా, ఐర్లండ్.

మూడో దారికి ఇక్కడే పునాది ఉంది. 1946లో మద్రాసు గిండీలో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ 1948లో అనంతపురానికి మారింది. 2008లో అదే జేఎన్‌టీయూ అనంతపురం విశ్వవిద్యాలయంగా నిలబడింది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ హైదరాబాద్‌లో పుట్టి పెరిగినా, ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ స్వగ్రామం అనంతపురం జిల్లా బుక్కాపురం. ఆ పేరు ఈ సీమలో ప్రతి ఇంజినీరింగ్ కుర్రాడికీ తెలుసు. పొరుగున ఉన్న ఆదోని పేరు మాత్రం 2023లో మరో కారణంగా ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలులో కలిసిన పత్తి, నూనె మిల్లుల ఊరు అది.

ముందు ఊరేగింపు, తర్వాత సభ

జాతిద్వేషం తెలుగువారికి అమెరికాలో ఎదురైన కొత్త అనుభవం అనుకుంటే పొరపాటు. రంగూన్ రేవులో ఓడల నుంచి సరుకు దించే పని చాలాకాలం తెలుగు కూలీలదే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో వాళ్ళను కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. సమ్మె తెగి తెలుగువాళ్ళు తిరిగి పనికి రాగానే, మే 26న గొడవ మొదలై నగరమంతా పాకింది. చనిపోయినవారు వందకు పైమాటే. ప్రదర్శన తీయటం, నినాదం ఇవ్వటం అన్న ఊసే లేదక్కడ. ప్రాణం దక్కించుకుని ఇంటిముఖం పట్టినవాళ్ళే ఎక్కువ. కొట్టినవాళ్ళూ ఆసియావాళ్ళే కావటం వల్ల కాబోలు, ఆసియావాసుల మీద ద్వేషం గురించిన చరిత్రల్లో ఈ ఘటనకు చోటు దొరకటం అరుదు.

దక్షిణాఫ్రికాలో కథ వేరు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాతి అర్ధశతాబ్దంలో చెరకు తోటలకూ బొగ్గు గనులకూ ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో తమిళుల పక్కన తెలుగువారూ వేల సంఖ్యలో ఉన్నారు. అక్కడి చట్టాలే వాళ్ళను ‘ఏషియాటిక్’ అని విడదీశాయి. 1907 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ట్రాన్స్‌వాల్‌లో ఉండే ప్రతి ఆసియావాసీ వేలిముద్రలు ఇచ్చి, చీటీ వెంట పెట్టుకు తిరగాలి. ఒప్పందం తీరిన కూలీ ఏడాదికి మూడు పౌన్లు పన్ను కట్టాలి. దాని మీదే 1913 నవంబరు 6న గాంధీ చార్లెస్‌టౌన్ నుంచి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి నడిచారు. ఆయన వెంట 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. న్యూకాజిల్ గనుల నుంచి పని మానేసి వచ్చిన దక్షిణాది కూలీలే అందులో ఎక్కువ. ఒక్కొక్కరికి రోజుకు ఇంత రొట్టె, కాస్త చక్కెర అని గాంధీ తూచి పంచిన నడక అది.

డర్బన్‌లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది 1931లో. అంటే అక్కడ ఊరేగింపు ముందు, వారసత్వ సభ తర్వాత. 1946లో ఆసియావాసుల భూమి హక్కులను కత్తిరించే చట్టం వచ్చినప్పుడు మళ్ళీ సత్యాగ్రహం జరిగింది. జైలు రుచి తెలిసిన సమాజం కట్టుకున్న సభ కాబట్టి, భాషనూ హక్కునూ వేరువేరు గదుల్లో పెట్టే అలవాటు వాళ్ళకు అంతగా లేదు.

అమెరికా: మే నెల, జూలై నెల

అమెరికాలో ఈ వరస తలకిందులయింది. కారణం వీసా చట్టాల్లో ఉంది. 1907 సెప్టెంబరు 4న వాషింగ్టన్ రాష్ట్రంలోని బెలింగామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీలను తెల్లవారి గుంపు తరిమేసింది. 1917 చట్టం ఆసియాలో చాలా భాగానికి వలస తలుపు మూసింది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం లేదని తేల్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బోస్టన్ చేరిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు, ఫోలిక్ ఆమ్లం మీదా కీమోథెరపీ మందుల మీదా పనిచేసి లక్షల ప్రాణాలకు దారి చూపి, 1948లో చనిపోయేనాటికి కూడా అమెరికా పౌరుడు కాలేదు. 1965లో చట్టం మారాకే డాక్టర్లు, ఇంజినీర్లుగా తెలుగువారు పెద్ద సంఖ్యలో వెళ్ళారు. చదువు, ఉద్యోగం చేతిలో పెట్టుకుని విమానం దిగినవాళ్ళు వాళ్ళు. తమకు ముందు దెబ్బలు తిన్నవాళ్ళ చరిత్ర వాళ్ళకు తెలియదు, తెలుసుకునే అవసరమూ వెంటనే రాలేదు.

న్యూయార్క్‌లో 1971లో తెలుగు సాహిత్య సాంస్కృతిక సంఘం, 1977లో అక్కడే మొదటి ఉత్తర అమెరికా తెలుగు మహాసభ. ఆ సభలో నుంచే తానా పుట్టింది. తొలి అధ్యక్షుడు రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు. తర్వాత ఆటా, నాట్స్, నాటా, ప్రాంతాల పేరున మరికొన్ని. తానా సభలు బేసి సంవత్సరాల్లో, ఆటా సభలు సరి సంవత్సరాల్లో, సాధారణంగా జూలై 4 సెలవుల చుట్టూ జరుగుతాయి. కన్వెన్షన్ సెంటరులో ఒక హాల్లో అవధానం, పక్క హాల్లో పెళ్ళి పరిచయ వేదిక, కింద చీరల స్టాళ్ళు, నగల స్టాళ్ళు, రియల్ ఎస్టేట్ స్టాళ్ళు. వేదిక మీద సినిమావాళ్ళు, రాజకీయ నాయకులు. సామాజిక వర్గాల వారీగా సంఘాలు చీలాయన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వేల మంది పిల్లలకు అక్షరాలు దిద్దించటం, డాలస్‌లో బతుకమ్మ చుట్టూ వేల మంది ఆడవాళ్ళు తిరగటం కూడా ఈ సంఘాల పుణ్యమే.

అమెరికా ప్రభుత్వం ఆసియా వారసత్వానికి ఇచ్చింది మే నెల. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో వారోత్సవం, 1990లో మాసోత్సవం, 1992లో శాశ్వత చట్టం. 1843 మే 7న మొదటి జపనీయుడు రావటం, 1869 మే 10న చైనా కూలీల చెమటతో ఖండాంతర రైలుమార్గం పూర్తికావటం ఆ నెలకు ఆధారాలు. ఈ ఆలోచన మొదట చేసిన జీనీ జ్యూ అనే చైనా అమెరికన్ మహిళ ముత్తాత రైలు పనికి వచ్చినవాడు, చైనీయుల మీద ద్వేషం రగిలిన రోజుల్లో ఓరెగాన్‌లో హత్యకు గురయ్యాడు. వారసత్వ మాసం వెనక ఉన్నది ఒక హత్య జ్ఞాపకం. 1970 జనగణనలో తెల్లవారి కింద లెక్కకెక్కిన భారతీయులు ‘ఏషియన్ ఇండియన్’ అన్న సొంత గడి సంపాదించుకున్నది 1980లో. ఆసియావారి పంక్తిలో అలా ఆలస్యంగా కూర్చున్న తెలుగువారికి ఆ మే నెల జ్ఞాపకం సొంతం కాలేదు. వాళ్ళ పండుగ జూలైలో, వాళ్ళ ఊరి పేరుతో జరిగింది.

1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో బొట్టు పెట్టుకున్నవాళ్ళను వెళ్ళగొడతామంటూ డాట్‌బస్టర్స్ పేరిట ఒక ముఠా పత్రికకు ఉత్తరం రాసి మరీ దాడులు చేసింది. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచింది. తల్లిదండ్రులది ఆంధ్ర, వేదిక మీద ఆమె చేసింది బాలీవుడ్ నాట్యం. ఆ రాత్రే ట్విట్టరులో ఆమెను అరబ్బు అనీ, ఉగ్రవాది అనీ తిట్టిపోశారు. ఈ రెండు సందర్భాల మధ్య పాతికేళ్ళు గడిచినా, తిట్టేవాడికి ఎదుటి మనిషి ఏ దేశంవాడో పట్టదన్నది మారలేదు. కొవిడ్ పేరుతో ఆసియావాళ్ళ మీద దాడులు పెరిగితే, వాటిని నమోదు చేసేందుకు 2020 మార్చిలో స్టాప్ ఏఏపీఐ హేట్ వేదిక ఏర్పడింది. 2021 మార్చి 16న అట్లాంటా మసాజ్ పార్లర్ల మీద జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోగా, ఆరుగురు ఆసియా స్త్రీలు. దేశమంతా ఊరేగింపులు తీసింది, మే 20న ద్వేష నేరాల చట్టం వచ్చింది. అవే వారాల్లో ఆంధ్ర, తెలంగాణల్లో కొవిడ్ రెండో అల విరుచుకుపడింది. తెలుగు సంఘాల చేతులన్నీ ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు పంపే పనిలో పడ్డాయి.

మెల్‌బోర్న్, 2009

తెలుగు విద్యార్థి ఒకరి మీద జరిగిన దాడి వేల మందిని వీధిలోకి తెచ్చిన మొదటి సందర్భం ఆస్ట్రేలియాలో వచ్చింది. 2009 మే నెలాఖరులో మెల్‌బోర్న్ శివారులో ఒక ఇంట్లో విందు జరుగుతుండగా, పిలవకుండా చొరబడ్డవాళ్ళు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక విద్యార్థిని స్క్రూడ్రైవర్‌తో తలలో పొడిచారు. అప్పటికే రాత్రి రైళ్ళలో భారతీయ విద్యార్థులను కొట్టి ఫోన్లు లాక్కోవటం మామూలయింది. రాత్రి షిఫ్టులు చేసుకుని, దూరపు శివార్లలో తక్కువ అద్దె ఇళ్ళకు ఒంటరిగా నడిచి వెళ్ళేది వాళ్ళే. చదువుకన్నా వీసా కోసమే నడిచే ప్రైవేటు కాలేజీల్లో ఫీజు కట్టి, యజమాని ఇచ్చినంత తీసుకుని, ఫిర్యాదు చేస్తే ఎక్కడ వెనక్కి పంపుతారోనని నోరు మూసుకున్నదీ వాళ్ళే.

మే 31న ఆ విద్యార్థి చికిత్స పొందుతున్న రాయల్ మెల్‌బోర్న్ ఆస్పత్రి ముందు నుంచి ఊరేగింపు కదిలింది. పార్లమెంటు భవనం దాకా నడిచి, తర్వాత ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ఎదుట నాలుగు రోడ్ల కూడలిలో కూర్చుండిపోయారు. ట్రాములు ఆగిపోయాయి. రాత్రంతా కూర్చున్నవాళ్ళను తెల్లవారుజామున పోలీసులు ఈడ్చి లేపారు. దాడులన్నీ అవకాశం చూసి చేసే దొంగతనాలే, ఇందులో జాతిద్వేషం లేదని పోలీసులు మొదట వాదించారు. దొంగ కూడా ఎవరిని కొడితే అడిగే దిక్కుండదో చూసే కొడతాడన్నది విద్యార్థుల జవాబు. ఈ వాదనలో విద్యార్థులదే పైచేయి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తర్వాత జరిగింది ఉత్సవమూ నిరసనా కలిసిన వింత. జూలైలో విక్టోరియా ప్రభుత్వమే సామరస్య నడక పెట్టింది. 2010 ఫిబ్రవరి 24న ‘విందాలూ అగెయిన్‌స్ట్ వయొలెన్స్’ పేరిట వేల మంది ఆస్ట్రేలియన్లు ఆ రాత్రి భారతీయ హోటళ్ళలో భోంచేశారు. కూర తిని సంఘీభావం చెప్పటమేమిటని కొందరు వెక్కిరించారు. కస్టమర్లు లేక ఖాళీగా కూర్చున్న హోటలు యజమానులు మాత్రం వెక్కిరించలేదు.

ఒలేథా, 2017

2017 ఫిబ్రవరి 22 సాయంత్రం. కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఆస్టిన్స్ బార్ వరండాలో గార్మిన్ కంపెనీ ఇంజినీర్లు కూచిభొట్ల శ్రీనివాస్, మాదసాని అలోక్ పని ముగించుకుని కూర్చున్నారు. ఆడమ్ ప్యూరింటన్ అనే మనిషి వచ్చి, ఏ వీసా మీద ఉన్నారంటూ కలబడ్డాడు. మా దేశం నుంచి పొండని అరిచాడు. బయటికి పంపితే తుపాకీతో తిరిగొచ్చాడు. 32 ఏళ్ళ శ్రీనివాస్ చనిపోయాడు, అలోక్ గాయపడ్డాడు, అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే స్థానికుడికీ తూటా దెబ్బ తగిలింది. హంతకుడు రాష్ట్రం దాటి మిస్సోరిలో మరో బారులో కూర్చుని, తాను ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు.

ఆదివారం, ఫిబ్రవరి 26న, ఒలేథాలో వందల మంది శాంతి కోరుతూ నడిచారు. చేతుల్లో శ్రీనివాస్, అలోక్, గ్రిల్లట్ ఫొటోలు. నడక చివర ప్రార్థన సభ. కోపం నినాదాల్లో లేదు, మొహాల్లో ఉంది. రెండు రోజుల తర్వాత హైదరాబాద్‌లో అంత్యక్రియలు జరిగాయి. ఆ వారంలోనే అమెరికాలోని ఒక తెలంగాణ తెలుగు సంఘం సభ్యులకు జాగ్రత్తలు పంపింది: బయట వాదనలకు దిగకండి, నిర్జన ప్రదేశాలకు ఒంటరిగా వెళ్ళకండి, నలుగురిలో మాతృభాష మాట్లాడటం తగ్గించండి. భాషను నిలబెట్టటానికి పుట్టిన సంఘాల్లో ఒకటి, భాషను ఇంట్లో పెట్టి బయటికి వెళ్ళమని చెప్పవలసి వచ్చింది. దీన్ని పిరికితనం అనటం తేలిక. రాత్రి పదింటికి వాల్‌మార్ట్ పార్కింగులో పిల్లలతో నిలబడ్డవాడికి ఆ సలహా అలా అనిపించలేదు.

రెండు పాయలూ నిజంగా కలిసిన చోటు కూడా ఒలేథాయే. మార్చి 16న కాన్సస్ గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ ఆ రోజును భారతీయ అమెరికన్ల ప్రశంసా దినంగా ప్రకటించారు. హ్యూస్టన్‌లోని ఇండియా హౌస్ తన వార్షిక విందులో గ్రిల్లట్‌ను సత్కరించి, ఇల్లు కొనుక్కునేందుకు లక్ష డాలర్లు సమకూర్చింది. శ్రీనివాస్ భార్య సునయన దుమాలకు భర్త చావుతో పాటే అమెరికాలో ఉండే హక్కూ పోయింది. ఆమె వీసా భర్త ఉద్యోగం మీద ఆధారపడినది. కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుని ఆమె పని అనుమతి నిలబెట్టారు. తర్వాత ఆమె ‘ఫరెవర్ వెల్‌కమ్’ పేరుతో వలసదారుల కథలు చెప్పే పని మొదలుపెట్టారు. ప్యూరింటన్‌కు 2018 మేలో రాష్ట్ర కోర్టు యావజ్జీవం వేసింది, ఆగస్టులో ఫెడరల్ కోర్టు ద్వేష నేరం కింద మరో మూడు యావజ్జీవాలు చేర్చింది.

సియాటిల్, 2023

ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి, 23 ఏళ్ళు, సియాటిల్‌లో నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయం విద్యార్థిని. 2023 జనవరి 23 రాత్రి డెక్స్‌టర్ అవెన్యూ, థామస్ స్ట్రీట్ కలిసే చోట పాదచారుల గీతల మీద రోడ్డు దాటుతుండగా పోలీసు కారు గుద్దింది. వేగ పరిమితి గంటకు 40 కిలోమీటర్లు ఉన్న ఆ రోడ్డులో కారు అంతకుముందు దాదాపు 119 కిలోమీటర్లు అందుకుంది. ఎనిమిది నెలల దాకా ఇది స్థానిక రోడ్డు ప్రమాదం వార్త. సెప్టెంబరులో ఒక వీడియో బయటికొచ్చింది. పోలీసు సంఘం ఉపాధ్యక్షుడు డేనియల్ ఆడరర్ సంఘ అధ్యక్షుడితో ఫోనులో మాట్లాడుతూ నవ్వాడు. పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరి, ఆమె విలువ పరిమితమే అన్నాడు. లాయర్లు ఇలా బేరమాడతారని ఎగతాళి చేశానే తప్ప ఆమెను కాదని తర్వాత సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

ఆ వారంలో జనం ఆ కూడలికే వచ్చారు. విద్యార్థులు, భారతీయ కుటుంబాలు, పోలీసు హింస మీద ఏళ్ళుగా పోరాడుతున్న నల్లవారి సంఘాల వాళ్ళు కలిసి నిలబడ్డారు. ఇక్కడ జాతిద్వేషం ఉందని ఏ కోర్టూ తేల్చలేదు. కానీ విలువ కట్టిన ఆ మాట విన్నవాళ్ళు ఆమె రంగును, పేరును పక్కన పెట్టి వినలేకపోయారు. 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ డ్రైవరు మీద క్రిమినల్ కేసు పెట్టనన్నాడు. జూలైలో ఆడరర్‌ను, 2025 జనవరిలో కారు నడిపిన అధికారి కెవిన్ డేవ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. విశ్వవిద్యాలయం ఆమెకు మరణానంతరం డిగ్రీ ప్రకటించింది.

వీధికి రాలేనివారు

తెలుగువారు నిరసనకు రారన్న మాట తరచు వినిపిస్తుంది. అది స్వభావం గురించి చెప్పినంత తేలికగా వీసా గురించి చెప్పరు. అమెరికాలో నడిచినవారిలో ముందు వరస పౌరులదీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళదీ. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి వెనక అనంతపురంలోనో ఆదోనిలోనో ఇంటి పత్రాలు పెట్టి తీసుకున్న బ్యాంకు అప్పు ఉంటుంది. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరోటి దొరకాలి. 2025 వసంతంలో వేలాది విదేశీ విద్యార్థుల రికార్డులు ఒక్కసారిగా రద్దయి, కోర్టుల జోక్యంతో తిరిగి వచ్చాక ఆ భయానికి కొత్త రుజువు దొరికింది. అదే ఏడాది ఐర్లండ్‌లో భారతీయుల మీద దాడులు పెరగటంతో, ఆగస్టులో డబ్లిన్‌లో జరగాల్సిన ఇండియా డేను నిర్వాహకులు వాయిదా వేశారు. ఊరేగింపు ఉత్సవాన్ని తోసిరాజనటం కాదు, భయం రెంటినీ ఆపటం అది.

ఇక కువైట్‌లో విదేశీయులకు ప్రదర్శన అన్నదే నిషేధం. 2022 జూన్‌లో ఫహాహీల్‌లో రోడ్డు మీద నినాదాలు చేసిన ప్రవాసులను పట్టుకుని దేశం నుంచి పంపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అక్కడ తెలుగు సంఘాలు ఉగాది జరుపుకుంటాయి, సినిమా పాటల కార్యక్రమాలు పెడతాయి. కదిరి నుంచి ఇంటిపనికి వెళ్ళిన మనిషికి యజమాని పాస్‌పోర్టు తీసిపెట్టుకుంటే, జీతం ఆపితే, చెప్పుకునేందుకు ఉన్నది భారత రాయబార కార్యాలయం, ఊళ్ళో ఏజెంటు ఫోను నంబరు.